విజిల్ పట్టబోతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

నీవు రెఫరీ పరీక్షలో ఉత్తీర్ణురాలివయ్యావనీ, వేసవి శిబిరం ముగింపులో హనుమకొండలో జరగబోయే పదమూడేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు విజిల్ పట్టబోతున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో బంతి తన్నినవాళ్లు ఉన్నారు గానీ రెఫరీగా మైదానంలోకి దిగుతున్న ఆడబిడ్డవు నీవే మొదటిదానివి. ఆ మాట వినగానే ఛాతీ ఉప్పొంగింది, ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. పెద్దల మ్యాచ్ అయి ఉంటే ఇంత ఆందోళన పడేవాణ్ని కాను. పిల్లల మ్యాచ్‌లో రెఫరీకి గీత లోపల ఉన్నవాళ్లతో వచ్చే కష్టం స్వల్పం, గీత బయట నిలబడే తల్లిదండ్రులతోనే అసలు కష్టమంతా. పీఈటీగానూ రెఫరీగానూ మన వరంగల్ మైదానాల్లో నేను చూసినదంతా నీకు ఉపయోగపడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సామాన్య విషయాలు నీకు తెలిసినవే. రెండు గడియారాలు, రెండు విజిళ్లు, కార్డులు, టాస్ వేయడానికి నాణెం ముందురోజు రాత్రే సంచిలో పెట్టుకో. గంట ముందే చేరుకుని గోల్‌పోస్టులు కదలకుండా ఉన్నాయో లేదో స్వయంగా ఊపి చూడు. మన ఎండల్లో పిల్లలకు నీళ్ల విరామం తప్పక ఇవ్వు.

తల్లిదండ్రులు ఎందుకు అరుస్తారో ముందుగా అర్థం చేసుకోవాలి. మన దగ్గర చాలామందికి క్రికెట్, కబడ్డీ తెలిసినంతగా ఫుట్‌బాల్ నియమాలు తెలియవు. ఆఫ్‌సైడ్ అంటే బంతి అందుకోబోయే ఆటగాడు ఎదుటి జట్టులో చివరి నుంచి రెండోవాణ్నీ, బంతినీ దాటి వాళ్ల గోల్‌కు దగ్గరగా ఉండటం. ఆ విషయంలో సాటి ఆటగాడు బంతిని తన్నిన క్షణంలో ఎవరెక్కడ ఉన్నారో నీవు చూస్తావు, వాళ్లేమో బంతి అందిన క్షణంలో చూసి నీవు మోసం చేశావని నిజంగానే నమ్ముతారు. త్రో-ఇన్ నుంచి, గోల్ కిక్ నుంచి, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదన్న సంగతి, చేతికి బంతి తగిలిన ప్రతిసారీ అది హ్యాండ్‌బాల్ కాదన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఆట మొదలయ్యే ముందు రెండు జట్ల తల్లిదండ్రులనూ ఒకచోట నిలబెట్టి, ఈ మూడు నాలుగు విషయాలు మన తెలుగులో నిదానంగా చెప్పు. ఐదు నిమిషాలు పడుతుంది, సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

మిగిలిన సగానికి కారణం సర్టిఫికెట్. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పిల్లవాడు ఎంపికైతే చేతికొచ్చే ఆ కాగితం రేపు స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో అక్కరకొస్తుందన్న ఆశ ఎన్నో ఇళ్లలో ఉంది. అప్పు చేసి బూట్లు కొనిచ్చి, పత్తి చేలో పని వదులుకుని పరకాల నుంచో నర్సంపేట నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తండ్రికి, నీవు ఊదిన ఆఫ్‌సైడ్ విజిల్ కొడుకు బతుకును ఆపేసినట్టు వినిపిస్తుంది. ఆ బాధను తక్కువ చేసి చూడకు. అలాగని ఆ బాధ చూపించి నిన్ను తిట్టే హక్కు ఆయనకు ఉన్నదని కూడా అనుకోకు.

ఇక నీవు ఎన్నటికీ చేయకూడని పొరపాటు ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట మన జిల్లాలోనే బడుల మధ్య పోటీలు జరిగాయి. ఏ ఊరో, ఏ బడులో రాయను. మా జట్టు మ్యాచ్ ఆ తరువాతది కావడంతో నేను మా పిల్లలతో వేపచెట్టు కింద కూర్చొని చూస్తున్నాను. రెఫరీ కొత్తగా పరీక్ష పాసైన యువకుడు, ఇప్పటి నీకన్నా ఒకటి రెండేళ్లు పెద్దవాడై ఉంటాడు. ఆట తెలిసినవాడు, బంతి వెంట చక్కగా పరుగెత్తేవాడు. మొదట తల్లిదండ్రులు గీతకు బారెడు దూరంలో ఉన్నారు. కొద్దిసేపటికి గీత మీదికి వచ్చారు, ఇంకాసేపటికి గీత దాటారు. అతడు చూసి కూడా ఊరుకున్నాడు. ముగ్గుపిండితో పోసిన ఆ గీత చెప్పుల రాపిడికి చెరిగిపోయి, మధ్యగీత నుంచి కార్నర్ జెండా దాకా ఎర్రమట్టి తప్ప మరేమీ మిగల్లేదు. ఆ తరువాత బంతి బయటికి పోయిందా లేదా అన్న ప్రతి నిర్ణయం తగాదాకు దారితీసింది, ఎందుకంటే చూపించడానికి అక్కడ గీతే లేదు.

ఆట ముగియవస్తుండగా పెనాల్టీ బాక్సులో ఒక పిల్లవాడు వెనుక నుంచి కాలు అడ్డం పెట్టి ఎదుటివాణ్ని పడేశాడు. రెఫరీ విజిల్ ఊది పెనాల్టీ మార్కు వైపు చేయి చూపాడు, అది పూర్తిగా సరైన నిర్ణయం. కాలు పెట్టిన పిల్లవాడి తండ్రి “ఏం సార్, కండ్లు కనిపిస్తలేవా?” అంటూ లోపలికి వచ్చాడు, ఆయన వెనక మరికొందరు వచ్చారు. ఆట ఆపి, కోచ్‌ను పిలిచి, వాళ్లంతా బయటికి వెళితే తప్ప ఆట సాగదని చెప్పవలసిన సమయం అది. ఆ యువకుడు దానికి బదులు వాళ్లకు వివరించబోయాడు, తరువాత బతిమాలాడు, చివరకు చుట్టూ మూగిన జనాన్ని చూసి బెదిరి పెనాల్టీ రద్దు చేసి డ్రాప్ బాల్ ఇచ్చాడు, అంటే బంతిని తానే కింద వదిలి ఆట మళ్లీ మొదలుపెట్టబోయాడు. దాంతో ఇవతలి జట్టు తండ్రులు “గట్టిగ మొత్తుకుంటె మారుస్తడంటె మేం గూడ మొత్తుకుంటం” అని లోపలికి దూకారు. మ్యాచ్ మధ్యలోనే ఆగిపోయింది. ఆట తిరిగి మొదలుకాక ముందు తన నిర్ణయం తప్పని రెఫరీ తానే గ్రహించినా, సహాయ రెఫరీ చెప్పినా మార్చుకోవచ్చునని ఫుట్‌బాల్ నియమావళిలోని ఐదో నియమం చెబుతుంది. తండ్రుల అరుపుకు అందులో చోటు లేదు.

ఆ గందరగోళంలో అందరూ రెఫరీని చూస్తుంటే నేను కాలు అడ్డం పెట్టిన ఆ పిల్లవాణ్ని చూశాను. గోల్‌పోస్టు పక్కన రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడ్డాడు. తాను ఫౌల్ చేశానని వాడికి తెలుసు, నాన్న లేనిదాని కోసం కొట్లాడుతున్నాడని కూడా తెలుసు. నిర్వాహకులేమో “మనోళ్లే గద సార్, పోనియ్యుండ్రి” అని రెఫరీ చేత నివేదిక రాయించలేదు. ఆ తండ్రి మీద ఏ చర్యా లేకపోవడంతో మరుసటి పోటీల్లో అదే మనిషి ఇంకో రెఫరీ కాలర్ పట్టుకున్నాడు. మొదటి యువకుడు మాత్రం మళ్లీ విజిల్ పట్టలేదు. ఆనాడు బస్టాండు దాకా నా బండి మీద దింపుతుంటే దారిపొడవునా అతడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బిడ్డా, ఒక మంచి రెఫరీని మన జిల్లా అట్లా పోగొట్టుకుంది.

కాబట్టి అన్నింటికన్నా ముందు గీతను కాపాడుకో. గీతకు రెండు మీటర్ల అవతల బొంగులు పాతి తాడు కట్టించమని నిర్వాహకులను అడుగు, కట్టనిదే ఆట మొదలుపెట్టకు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 2008లో ‘రెస్పెక్ట్’ పేరిట చేపట్టిన కార్యక్రమంలో కూడా ఇట్లాగే తాళ్లు, పట్టీలు కట్టి తల్లిదండ్రులను దూరంగా నిలబెట్టారు. అయినా తిట్లు ఆగకపోవడంతో 2023లో అక్కడి కింది స్థాయి లీగుల్లో రెఫరీల ఛాతీకి కెమెరాలు పెట్టి చూశారు. ఫుట్‌బాల్ పుట్టిన దేశంలోనే పరిస్థితి ఇట్లా ఉన్నప్పుడు, మన దగ్గర ఎవరో అరిచారని నీలో లోపం వెతుక్కోకు.

తల్లిదండ్రులతో నీవు నేరుగా వాదన పెట్టుకోవద్దు. 2019 నుంచి కోచ్‌లకు కూడా పసుపు, ఎరుపు కార్డులు చూపే అధికారం రెఫరీకి ఉంది గానీ తల్లిదండ్రులకు కార్డు లేదు, అందువల్ల వాళ్ల బాధ్యతను కోచ్ మీద పెట్టాలి. మొదటిసారి తిట్టు వినిపించగానే ఆట ఆపి, కోచ్‌ను పిలిచి, ఆ మనిషిని శాంతపరచమని చెప్పు. మళ్లీ జరిగితే పిల్లలను నీడకు పంపి, ఆయన మైదానం వదిలి వెళ్లేదాకా ఆట నిలిపివేయి. అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు చేయి. ఆపడానికీ, నిలిపివేయడానికీ, రద్దు చేయడానికీ నియమావళి నీకు అధికారం ఇచ్చింది, దాన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అడగకు.

నీ కోపం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కిందటేడు కాలేజీ మ్యాచ్‌లో హ్యాండ్‌బాల్ ఇవ్వలేదని నీవు రెఫరీ ముఖం మీదికి వెళ్లి చేతులు ఊపావు, ఆయన నీకు పసుపు కార్డు చూపాడు. ఆయన చేసింది ముమ్మాటికీ సబబు. మాటకు మాట చెప్పడం నీకు పుట్టుకతో వచ్చిన గుణం, మైదానంలో దాన్ని పూర్తిగా అణచుకోవాలి. అయితే మ్యాచ్ అయ్యాక నీ అంతట నీవే ఆయన దగ్గరికి వెళ్లి చేతులు జోడించావని తెలిసిన రోజే నీవు రెఫరీవి కాగలవని నాకు అనిపించింది. భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా పనిచేసిన రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గారు 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, తరువాత ఫిఫా రెఫరీ అయి, 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో విజిల్ పట్టారు. అంత ఎత్తు చూసిన హైదరాబాదీ ఆటగాడు కూడా ఈ పనిని చిన్నచూపు చూడలేదు. ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏం తెలుసని ఎవరైనా అంటే, 2022 ప్రపంచ కప్‌లో జర్మనీ, కోస్టారికా పురుషుల మ్యాచ్‌ను నడిపించిన మహిళా రెఫరీ స్టెఫనీ ఫ్రాపార్‌ను మనసులో తలచుకుని ఆట కొనసాగించు.

నా అసలు భయం ఆట ముగిసిన తరువాతి సమయం గురించి. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆల్మెరే పట్టణంలో పిల్లల మ్యాచ్‌కు లైన్స్‌మన్‌గా, అంటే గీత పక్కన జెండా పట్టే సహాయ రెఫరీగా నిలబడిన రిచర్డ్ న్యూవెన్‌హౌజెన్ అనే తండ్రిని, ఆట ముగిశాక ఎదుటి జట్టువాళ్లు కిందపడేసి తన్నారు. మరునాడే ఆయన చనిపోయాడు. ఆ కేసులో శిక్షపడినవాళ్లలో పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లతో పాటు ఒక కుర్రాడి తండ్రి కూడా ఉన్నాడు. ఆ వార్త చదివినప్పటి నుంచి, చివరి విజిల్ తరువాత ఏ రెఫరీ అయినా బండి దాకా ఒంటరిగా నడుస్తుంటే నా ప్రాణం కుదుటపడదు. నీవు ఒంటరిగా నడవకు. సహాయ రెఫరీలతో కలిసి నిర్వాహకుల టేబుల్ దగ్గరికి వెళ్లి, జనం పలచబడేదాకా అక్కడే కూర్చో.

మీ నాన్నను తప్పక తీసుకెళ్లు, కానీ గేటు దగ్గరే కూర్చోబెట్టు. నిన్ను ఎవరైనా ఒక మాట అంటే వాడు ఓర్చుకోలేడు, తాడు దాటి లోపలికి వస్తాడు. అప్పుడు వాణ్ని బయటికి పంపవలసిన రెఫరీవి నీవే అవుతావు. ఈ సంగతి నేను వాడికి ఫోన్‌లో విడిగా చెబుతాను, నీవు కూడా గట్టిగా చెప్పు.

నివేదిక ఆ రాత్రే రాయి. ఎవరు, ఏ నిమిషంలో, ఏ మాట అన్నారో ఆ మాటనే రాయి. బూతు అని సిగ్గుపడి వదిలేస్తే క్రమశిక్షణ సంఘం దగ్గర నీ ఫిర్యాదు నిలవదు. ఎవరు వచ్చి పోనియ్యమన్నా సంతకం పెట్టి పంపించు, ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో, ఒకటి నాకు వాట్సాప్‌లో పెట్టు. మ్యాచ్‌ల పట్టిక రాగానే ఏ రోజు ఏ మైదానమో తెలియజేయి. కాజీపేట వైపు పడితే ముందురోజు రాత్రి మా ఇంట్లోనే పడుకో, పొద్దున మీ పెద్దమ్మ పెందలాడే లేచి ఉప్మా చేసి పెడుతుంది.

ఇట్లు,
మీ పెద్దనాన్న