మొదటి కాగితం మీద పేరు

అమ్మలూ,

ఆశీస్సులు. ఉద్యోగుల మంచి సూచనలకు బహుమతులిచ్చే పథకానికి ముసాయిదా నిన్ను రాయమన్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బెంగళూరులో కర్ణాటక సచివాలయమైన విధానసౌధ మీద ‘ప్రభుత్వ పని దేవుడి పని’ అని రాయించిన అప్పటి ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య గారు, 1966లో ఏర్పడిన దేశపు మొదటి పరిపాలనా సంస్కరణల కమిషన్‌కు మొరార్జీ దేశాయ్ తర్వాత అధ్యక్షులయ్యారు. ఆ భవనంలో కూర్చుని మన ఇంటి పిల్ల ఇలాంటి పని చేస్తోందంటే ఎంత గర్వంగా ఉందో! వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

మన రాష్ట్ర పరిపాలనా సంస్కరణల మీద విజయ్ భాస్కర్ గారి కమిషన్ ఇచ్చిన నివేదికలు ముందు చదువు. డబ్బుతో పని కాబట్టి ఆర్థిక శాఖ వాళ్లతో మొదటే మాట్లాడు. సూచన ఇచ్చినవాళ్లకు రసీదు, జవాబుకు గడువు ఉండాలి. ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలనే మన 2011 సకాల చట్టం ప్రకారం పని ఆలస్యమైతే అర్జీదారుకు రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం ఇస్తున్నాం కదా. మరి మన ఉద్యోగిని మాత్రం ఏళ్లు ఎదురుచూడమంటామా?

నా అసలు భయం చెప్తాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక అటెండర్ ఉండేవాడు. పింఛను కోసం ముసలివాళ్లు కాగితాలిస్తే తపాలు సెక్షన్‌లో ముద్ర కొట్టి తీసుకునేవారు. ఏదో పత్రం లేదని నెల తర్వాత తిప్పి పంపేవారు. ఏమేం కావాలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి, తీసుకునేటప్పుడే సరిచూస్తే చాలు కదా సార్ అన్నాడతను. అలాగే చేస్తే వెనక్కి వెళ్లే అర్జీలు బాగా తగ్గాయి. పై అధికారి దాన్ని తన ఆలోచనగా రాసి పంపుకున్నారు. ప్రశంసాపత్రం ఆయనకే వచ్చింది. ఆ సంగతి తెలిపే సర్క్యులర్‌ను టేబుల్ టేబుల్‌కీ తిప్పి మా అందరి సంతకాలు తీసుకున్నది ఆ అటెండరే. ‘చదివావా?’ అని అడిగాను. ‘చదివాను సార్’ అని, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

ఆ తర్వాత అతను నోరు విప్పలేదు. రికార్డు రూంలో ఫైళ్లు తీసేది అతనే, చెదలు ముందు కనిపించేదీ అతనికే. మాకు తెలిసేసరికి రెండు అరల సర్వీసు రిజిస్టర్లు పొడి పొడి అయ్యాయి. వాటి కోసం ఎంతమంది రిటైరైనవాళ్లు మా చుట్టూ తిరిగారో! అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

‘పోర్టల్ పెడుతున్నాం పెదనాన్నా, అన్నీ అందులో ఉంటాయి’ అంటావు. అటెండర్లలాంటి గ్రూప్ డి వాళ్లలో ఎంతమంది దాన్ని తెరుస్తారే? నోటితో కన్నడలో చెప్పినా రాసుకునే మనిషిని పెట్టు. చెప్పినవాళ్ల పేరు, తేదీ మొదటి కాగితం మీద ఉండాలి. పైవాళ్లు అభిప్రాయం రాయొచ్చు గానీ ఆ పేరు కొట్టేయకూడదని నిబంధనల్లోనే పెట్టు. సూచన అమలైతే ఆ సంగతి అతని సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కాలి. నగదు తక్కువైనా ఫర్వాలేదు, ఇది మాత్రం వదలకు.

ఇలాంటి పని మొదలుపెట్టినవాళ్లను మధ్యలో బదిలీ చేయడం చాలా చూశానమ్మా. అందుకని ప్రభుత్వ ఆదేశం, బడ్జెట్‌లో పద్దు రెండూ తెప్పించుకో. రేపు నువ్వు ఇంకో సీటుకు వెళ్లినా పథకం ఆగదు. వెళ్లాల్సి వస్తే ఏడవకు, నేనున్నాను.

ఆదివారం మల్లేశ్వరం రా. ముసాయిదా ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో చదవడం నా కళ్లవల్ల కాదు. మధ్యాహ్నం అన్నం మానేసి పనిచేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. దాని సంగతి ఎదురుగా మాట్లాడతాను.

మీ పెదనాన్న