లాపాజ్‌లో 4 రోజులు: దిగిన మర్నాడే డెత్ రోడ్ సైక్లింగ్ పెట్టుకోవచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు: బొలీవియాలోని లాపాజ్‌కి 4 రోజులు సరిపోతాయా, శాకాహారికి తిండి దొరుకుతుందా, దిగిన మర్నాడే డెత్ రోడ్ (లోయ అంచున దిగే ఇరుకు కొండదారి) సైక్లింగ్ బుక్ చేసుకోవచ్చా. ముందు మూడోదానికి జవాబు చెప్తాను. దయచేసి చేసుకోవద్దు.

లాపాజ్ దాదాపు 3,600 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే మన లేహ్ కంటే ఎత్తు. విమానం దిగేది ఇంకా పైన, పక్కనే ఉన్న ఎల్ ఆల్టో అనే ఊళ్ళో, 4,000 మీటర్లు దాటాక. మీరు అడిగిన సైక్లింగ్ మొదలయ్యే లా కుంబ్రే కనుమ 4,600 మీటర్ల పైమాటే. నేను అదే దేశంలో 400 మీటర్ల ఎత్తున్న సాంటా క్రూజ్ నుంచి నేరుగా వచ్చి దిగాను. సాన్ ఫ్రాన్సిస్కో చర్చి దగ్గర టాక్సీ దిగి, పక్కనే ఉన్న సగార్నగా వీధి ఎక్కడం మొదలుపెట్టాను. వీపు మీద 12 కిలోల బ్యాగు. ఇరవై అడుగులు వేసేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయాను. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. ఆ రాత్రంతా తలనొప్పి, రెండు వాంతులు, కాస్త కన్ను మూతపడితే ఊపిరి అందక మెలకువ. నేను అప్పట్లో రోజూ పరిగెత్తేవాణ్ణి, అయినా అది ఏమాత్రం అక్కరకు రాలేదు.

అందుకే వీలుంటే ముందు సూక్రే అనే ఊరికి వెళ్ళి రెండు రోజులు ఉండండి. అది 2,800 మీటర్లు, శరీరం మెల్లగా అలవాటు పడుతుంది. రాజ్యాంగం ప్రకారం బొలీవియా రాజధాని కూడా సూక్రేయే. 1899 నాటి అంతర్యుద్ధం తర్వాత ప్రభుత్వం, పార్లమెంటు లాపాజ్‌కి వచ్చేశాయి, సుప్రీంకోర్టు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. నేరుగా లాపాజ్‌కే వెళ్ళాల్సి వస్తే మొదటి రోజున్నర ఏ పనీ పెట్టుకోకండి. తక్కువ తినండి, నీళ్ళు బాగా తాగండి, మద్యం ముట్టకండి. డయామాక్స్ (ఎత్తు పడకపోవడానికి వాడే మాత్ర) సంగతి ఇక్కడే డాక్టర్‌ని అడిగి వెళ్ళండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా ఓర్చుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. హాస్టల్‌లో కోకా ఆకుల టీ ఇస్తారు, అక్కడ అది చట్టబద్ధమే, నాకు కడుపులో తిప్పడం తగ్గింది. కానీ ఒక్క టీ బ్యాగు కూడా ఇంటికి తేవద్దు. మన దేశంలో అది నేరం.

ఇక తిండి. ఖర్చు తగ్గుతుందని హాస్టల్ వంటింట్లో అన్నం వండాను. ఆ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. అరగంట ఉడికించినా మెతుకు మధ్యలో పలుకు అలాగే ఉంది. కుక్కర్ లేకపోతే పప్పు ఊసే ఎత్తకండి. బయట తినడమే మేలు. ప్లాటో పాసెన్యో అనే స్థానిక వంటకం అడగండి: ఉడికించిన మొక్కజొన్న కండె, తొక్కతో ఉడికిన బంగాళాదుంపలు, పెద్ద చిక్కుడు గింజలు, వేయించిన జున్నుముక్క. కొన్నిచోట్ల మాంసం వేస్తారు కాబట్టి ముందే చెప్పాలి. అది కూడా 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అంటే చాలదు, చికెన్ వేసి తెస్తారు. 'సిన్ కార్నే, సిన్ పోయో' (మాంసం, చికెన్ రెండూ లేకుండా) అనండి. పక్కన ల్యాహ్వా అనే కారం పెడతారు. టమాటా, లొకోటో మిరపకాయ కలిపి బల్లపరుపు రాతి మీద మరో రాతితో నూరుతారు. మొదటిసారి నాలుక మీద పెట్టుకోగానే అచ్చం మన రోటి పచ్చడే అనిపించింది. ఇల్లు గుర్తొచ్చి రెండోసారి అడిగి వేయించుకున్నాను.

లాంసా మార్కెట్‌లో పళ్ళరసాల కొట్లున్నాయి. బొప్పాయి, పాలు కలిపి గ్లాసు నిండా పోసిచ్చాక మిక్సీలో ఇంకాస్త మిగులుతుంది. మీరు సగం తాగి గ్లాసు ముందుకు జరిపి 'యాపా' అంటే మిగిలింది కూడా పోస్తారు. యాపా అంటే మన కొసరే. అడగడానికి మొహమాటపడకండి, నేను అడిగితే కొట్టు నడిపే ఆవిడ నవ్వుతూ పోసింది.

ఓపిక వచ్చాక మొదట చేయాల్సింది కేబుల్ కార్ ఎక్కడం. 2014లో మొదలైంది, ఇప్పుడు 10 లైన్లు ఉన్నాయి. టూరిస్టుల కోసం కట్టింది కాదు, ఊరికి అదే మెట్రో. నేను వెళ్ళినప్పుడు టికెట్ 3 బొలీవియానోలు. ఎర్ర లైన్‌లో ఎల్ ఆల్టోకి ఎక్కండి, అక్కడి నుంచి వెండి రంగు లైన్‌లో పక్కకు వెళ్ళి, పసుపు లైన్‌లో కిందికి దిగండి. ఎర్ర లైన్ శ్మశానం దగ్గరగా వెళ్తుంది. సమాధులు అపార్ట్‌మెంట్లలా అంతస్తులుగా ఉంటాయి, ఒక్కోదానికి చిన్న అద్దం తలుపు, దాని వెనక పూలు. నా ఎదురు సీట్లో ఒక పెద్దావిడ అది దాటేదాకా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గురువారం గానీ ఆదివారం గానీ వెళ్తే పైన స్టేషన్ దిగగానే 16 దే హూలియో సంత ఉంటుంది. పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

మామూలు దుస్తుల్లో ఎవరైనా వచ్చి 'పోలీసులం, పాస్‌పోర్ట్ చూపించు, టాక్సీ ఎక్కు' అంటే ఎక్కకండి. ఇది అక్కడ పాత మోసం. రాత్రిపూట హాస్టల్ వాళ్ళతో ఫోన్ చేయించి రేడియో టాక్సీ పిలిపించుకోండి.

కాబట్టి 4 రోజులు సరిపోతాయి, డెత్ రోడ్‌ని నాలుగో రోజుకి జరిపితే.

బయలుదేరే ముందు తప్పకుండా చేయాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. బొలీవియా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్ట్‌లో క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, నేనూ అక్కడే వేయించుకున్నాను.

మీరు ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. జూన్, జులై అయితే అక్కడ చలికాలం, ఆకాశం నిర్మలంగా ఉంటుంది కానీ రాత్రి చాలా హాస్టళ్ళలో హీటర్ ఉండదు, ఉన్ని సాక్సులు రెండు జతలు పెట్టుకోండి. జనవరి అయితే వానలు. అప్పుడు డెత్ రోడ్ జారుతుంది, ఆ ఆలోచనే మానుకోండి.