చేజారిన బంతిని ఎవరి ఖాతాలో వేయాలి?

ఈ శీర్షికకు మామూలుగా క్రికెట్టు, కబడ్డీల మీద ఉత్తరాలు వస్తాయి. ఈ మాసం గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం అమెరికా ఫుట్‌బాల్ గురించే. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో స్థిరపడ్డాక వాళ్ల ఊరి జట్టు మన ఇంటి జట్టు కావడం వింతేమీ కాదు గాని, అందరి ఫిర్యాదూ ఒక్కటే కావడం మాత్రం నాకు వింతగా తోచింది: జట్టులో సరైన రిసీవర్ లేడని. ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, ముందుకు పరుగెత్తి దానిని అందుకొనేవాడే రిసీవర్. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు సాగలేకపోతే బంతి ఎదుటి జట్టు పాలవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కాన్సస్ సిటీలో ఉంటాడు. ప్యాట్రిక్ మహోమ్స్ వంటి క్వార్టర్‌బ్యాక్‌ను పెట్టుకుని, టైరీక్ హిల్ వంటి రిసీవర్‌ను చేజేతులా వదులుకుని, చేతుల్లో పడిన బంతిని కూడా పట్టలేనివాళ్లతో 2023 అంతా మమ్మల్ని ఏడిపించిన యాజమాన్యాన్ని ఏమనాలి? చివరికి కప్పు గెలిచారు కదా అంటాడు మావాడు. ఆ మాట నాకు తృప్తినివ్వడం లేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: మాస్టారు గారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే గాని అది మీరడిగినదానికి జవాబు కాదు. కప్పు గెలవడం ఒక లెక్క, ఆటగాళ్లను ఎంచుకోవడం మరో లెక్క. రెండింటినీ కలిపేస్తే గెలిచిన ఏడాది చేసిన తప్పులను ఎవరూ అడగరు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఆ ఆటకు పెద్ద లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచి ప్రతి జట్టూ ఆటగాళ్ల జీతాలకు ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న పరిమితి ఉంది. దానినే శాలరీ క్యాప్ అంటారు. 2022లో అది 20.82 కోట్ల డాలర్లు, అందులోనే 53 మందినీ సర్దాలి. యజమాని ఎంత సంపన్నుడైనా ఆ గీత దాటి జేబులో నుంచి తీసి ఇవ్వడానికి వీల్లేదు. మహోమ్స్‌తో అప్పటికే 10 ఏళ్లకు 45 కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది, హిల్‌కేమో మయామీ జట్టు నాలుగేళ్లకు 12 కోట్ల డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడింది. అందుకే 2022 మార్చిలో హిల్‌ను మయామీకి పంపి, బదులుగా డ్రాఫ్ట్‌లో ఐదు ఎంపికలు పుచ్చుకున్నారు. డ్రాఫ్ట్ అంటే కళాశాల ఆట ముగించిన కుర్రవాళ్లను 32 జట్లూ ఏటా ఏప్రిల్‌లో ఏడు విడతలుగా, వంతులవారీగా ఎంచుకొనే పద్ధతి. ముందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకు తొలి వంతు దక్కుతుంది.

హిల్‌ను పంపడం నా దృష్టిలో తప్పు కాదు. అలా వచ్చిన ఎంపికల్లో కొన్నింటిని వెచ్చించి 21వ స్థానానికి ఎగబాకి తెచ్చుకున్న ట్రెంట్ మెక్‌డఫీ ఆ జట్టు రక్షణ శ్రేణికి వెన్నెముకలా నిలిచాడు. పైగా హిల్ ఉన్న రోజుల్లోనే, 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో, అంటే లీగు తుది పోరులో, ఇదే జట్టు ఒక్క టచ్‌డౌన్ కూడా (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) చేయలేక టాంపా బే చేతిలో 31-9తో ఓడిపోయిన సంగతి గుర్తు చేసుకోండి. ఆ రోజు లోటు రిసీవర్లలో లేదు. మహోమ్స్‌ను కాచుకోవలసిన ముందు వరుసలో రెండు కొసల్లో ఉండే ఇద్దరూ గాయపడి ఆటకు దూరమయ్యారు, మహోమ్స్ ఆ పూటంతా ప్రాణం అరచేత పెట్టుకుని పరుగెత్తాడు. మీ ఊరి పట్టుచీరను అంచు మీది కుంభాలు చూసి కొంటారు గాని, నేతగాడు మగ్గం మీద ముందు సరిచూసుకునేది పడుగునే కదా.

తప్పు ఆ తర్వాత జరిగింది. హిల్ ఖాళీ చేసిన చోట కూర్చోబెట్టడానికి రెండో విడతలో స్కై మూర్‌ను తీసుకున్నారు. అతను ఆశించినట్లు ఎదగలేదు. 2022 అక్టోబరులో న్యూయార్క్ జెయింట్స్ నుంచి కడేరియస్ టోనీని తెచ్చారు. ఆ మరుసటి ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో టోనీ ఒక పంట్‌ను, అంటే ఎదుటివాళ్లు కాలితో తన్ని పంపిన బంతిని, 65 గజాలు వెనక్కి తెచ్చి ఆ పోటీ చరిత్రలోనే రికార్డు సృష్టించాడు, టచ్‌డౌన్ కూడా చేశాడు. ఆ ఒక్క రాత్రి చూసి మురిసిపోయి, కొత్త సీజనుకు అనుభవజ్ఞుడైన రిసీవర్‌ను ఎవరినీ చెప్పుకోదగ్గ స్థాయిలో తీసుకురాలేదు. ఫలితం మీకు తెలిసిందే. 2023 సెప్టెంబరులో డెట్రాయిట్‌తో జరిగిన తొలి మ్యాచ్‌లోనే టోనీ చేతులకు తగిలి ఎగిరిన బంతిని ఎదుటి జట్టు ఆటగాడు బ్రయన్ బ్రాంచ్ అందుకుని టచ్‌డౌన్ దాకా తీసుకుపోయాడు. కాన్సస్ సిటీ 21-20తో, అంటే ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. డిసెంబరులో బఫెలోతో ఆడినప్పుడు చివరి నిమిషాల్లో వచ్చిన టచ్‌డౌన్ అదే టోనీ బంతి కదలకముందే గీత దాటి నిలబడినందువల్ల రద్దయింది.

ఈ రెండింటి నడుమ నవంబరులో ఫిలడెల్ఫియాతో మరో మ్యాచ్ జరిగింది. నేను ఆ మంగళవారం ఉదయం మీ బరంపురంలోనే, బంధువుల ఇంట్లో, స్టీలు చెంబుకు ఆనించి నిలబెట్టిన ఫోనులో చూశాను. అక్కడ జోరుగా వాన పడుతోంది. జట్టు 21-17తో వెనకబడి ఉంది, మిగిలింది రెండు నిమిషాల లోపే. మార్కెజ్ వాల్డెజ్-స్కాంట్లింగ్ అందరినీ దాటి దూసుకుపోయాడు, మహోమ్స్ విసిరిన బంతి భుజం మీదుగా దిగి సరిగ్గా రెండు అరచేతుల్లోనూ పడింది, వేళ్లు ముడుచుకునేలోపే జారి పచ్చిక మీద పడింది. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయింది. మా బంధువుల ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు పుస్తకాల సంచి తగిలించుకుంటూ "మామయ్యా, వాడిని ఇంకా ఎందుకు ఆడిస్తున్నారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆటగాడికి కాదు, అతనికి బదులుగా దించడానికి బెంచీ మీద ఎవరినీ ఉంచనివారికి వేయవలసినది. మూడు నెలలు తిరక్కుండానే బాల్టిమోర్‌తో జరిగిన మ్యాచ్‌లో 32 గజాల క్యాచ్ పట్టి 17-10 గెలుపును ఖాయం చేసినవాడు అదే వాల్డెజ్-స్కాంట్లింగ్. సూపర్ బౌల్‌లో చివరి టచ్‌డౌన్ అందుకున్న మెకోల్ హార్డ్‌మన్ అయితే జట్టు ఒకసారి వదిలేసుకుని సీజను మధ్యలో తిరిగి తెచ్చుకున్నవాడు. కాబట్టి మీ అసంతృప్తిలో న్యాయం ఉంది, మీ అబ్బాయి సంతోషంలోనూ ఉంది. 2024లో తొలి విడతలోనే జేవియర్ వర్తీని తీసుకోవడాన్ని యాజమాన్యం తన తప్పు ఒప్పుకోవడంగానే నేను భావిస్తాను.

ప్రశ్న: మా అబ్బాయీ కోడలూ విస్కాన్సిన్‌లో ఉంటారు, ఇద్దరూ గ్రీన్ బే అభిమానులే. ఆ జట్టు 2002 తర్వాత తొలి విడతలో రిసీవర్‌నే తీసుకోలేదని మా అబ్బాయి ఏళ్ల తరబడి గొడవ. తీసుకోకపోయినా బాగానే ఆడారంటుంది మా కోడలు. ఫోను చేసినప్పుడల్లా ఇదే పంచాయతీ. తీర్పు మీరే చెప్పండి.
— గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, 2020 దాకా మీ కోడలిదే గెలుపు. గ్రెగ్ జెన్నింగ్స్, జోర్డీ నెల్సన్, రాండల్ కాబ్, డవాంటే ఆడమ్స్ నలుగురూ రెండో విడతలో వచ్చినవాళ్లే. ఖరీదైన తొలి వంతును మరో స్థానానికి వాడుకుని, రెండో వంతులో ఇటువంటివాళ్లను ఏరి తెచ్చుకోగలిగిన జట్టును తప్పుపట్టడానికి ఏముంది?

2020లో మీ అబ్బాయి మాటకు బలం వచ్చింది. ఆరన్ రాడ్జర్స్ ఆడుతుండగానే, అతనికి తోడుగా ఒక రిసీవర్ కావాలని ఊరంతా మొరపెట్టుకుంటుండగా, జట్టు వంతులో పైకి జరిగి మరీ మరో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ను తీసుకుంది. ఆ ఏడాది ఏడు విడతల్లోనూ ఒక్క రిసీవర్‌ను కూడా ఎంచుకోలేదు. 2022లో ఆడమ్స్ లాస్ వేగాస్‌కు తరలిపోయాడు. బదులుగా ఒక తొలి విడత, ఒక రెండో విడత ఎంపికలు వచ్చినా, అతనంతటి చేతులు వెంటనే ఎక్కడ దొరుకుతాయి? రెండో విడతలో తెచ్చిన క్రిస్టియన్ వాట్సన్ తన మొట్టమొదటి మ్యాచ్‌లో, జట్టు ఆడిన మొదటి బంతికే, చుట్టుపక్కల ఎవరూ లేకుండా పరుగెత్తి, నేరుగా చేతుల్లోకి వచ్చిన టచ్‌డౌన్‌ను జారవిడిచాడు. మినెసోటా చేతిలో 23-7తో ఓటమి. ఆ రోజు మీ ఇంటికి ఫోను వచ్చే ఉంటుంది.

అయినా వాట్సన్ అదే సీజనులో నిలదొక్కుకున్నాడు, జోర్డన్ లవ్ కూడా తర్వాత జట్టును భుజాన వేసుకున్నాడు. 2025 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ ఉత్సవం గ్రీన్ బేలోనే జరిగినప్పుడు 23వ ఎంపికగా మాథ్యూ గోల్డెన్ పేరు పిలిచారు. అతను రిసీవర్. 23 ఏళ్ల నిరీక్షణ సొంత ఊళ్లో, సొంత జనం మధ్య తీరిందని మీ అబ్బాయిని ఇక పంచాయతీ కట్టిపెట్టమనండి.

ప్రశ్న: క్యాచ్ వదిలేశారన్న లెక్క ఎవరు కడతారు? ఒక్కోచోట ఒక్కో సంఖ్య కనిపిస్తోంది.
— డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: అది కళ్లతో చూసి నిర్ణయించే లెక్క గనుక తేడాలు సహజం. చేతికి తగిలిన ప్రతి బంతీ వదిలేసినట్లు కాదు. మామూలు ప్రయత్నంతో పట్టగలిగినదై ఉండాలి. ఆ "మామూలు" ఎంతవరకన్న దాని మీదే గణాంకాలు తయారుచేసేవాళ్ల మధ్య పేచీ.

ప్రశ్న: రిసీవర్లు సరిగా లేరని తెలిసినప్పుడు, బాగుపడేదాకా ప్రతి ఏడాదీ తొలి విడతలో ఒకరిని తీసుకుంటే సరిపోదా? ఇందులో ఇంత ఆలోచన ఎందుకో నాకు అర్థం కాదు.
— వస్త్ర వ్యాపారి, జయపురం

జవాబు: మీరు చెప్పిన పనిని అచ్చంగా చేసిన జట్టు ఒకటుంది. డెట్రాయిట్‌లో మ్యాట్ మిలెన్ పెత్తనం సాగిన రోజుల్లో 2003లో రెండో ఎంపికగా చార్లెస్ రోజర్స్‌ను, 2004లో ఏడో ఎంపికగా రాయ్ విలియమ్స్‌ను, 2005లో పదో ఎంపికగా మైక్ విలియమ్స్‌ను వరసగా తెచ్చారు. ముగ్గురూ రిసీవర్లే. 2007లో మళ్లీ రెండో ఎంపికగా కాల్విన్ జాన్సన్ వచ్చాడు. ఇతను మాత్రం నిజంగా మహా ఆటగాడు. ఇంతమందిని తెచ్చినా బంతి విసిరేవాడు, విసిరేవాడిని కాచేవాళ్లు, ఎదుటివాళ్లను ఆపేవాళ్లు లేకపోవడంతో 2008లో ఆ జట్టు ఆడిన 16 మ్యాచుల్లో 16 ఓడింది. మిలెన్‌ను తొలగించాలని అభిమానులు అంతకు ముందే ప్లకార్డులు పట్టుకుని ఊరేగింపు తీశారు. చివరికి 2008 సెప్టెంబరులో, ఆ అవమానం పూర్తికాకముందే, అతన్ని సాగనంపారు. మీ వ్యాపారంలోనే చూడండి, కొట్టు నిండా పట్టుచీరలు పెట్టి ధోవతులూ తువ్వాళ్లూ లేవంటే ఎన్నాళ్లు నడుస్తుంది?

ఎంపికలో తడబడినా కోలుకున్న జట్టు ఫిలడెల్ఫియా. 2020లో 21వ ఎంపికగా జేలెన్ రేగర్‌ను తీసుకున్నారు. వెంటనే తర్వాతి వంతు వచ్చిన మినెసోటా జస్టిన్ జెఫర్సన్‌ను తీసుకుంది. రేగర్ నిలవలేదు, జెఫర్సన్ ఆ తరంలోనే మేటి రిసీవర్లలో ఒకడయ్యాడు. ఒక్క స్థానం తేడా. ఆ బాధ ఫిలడెల్ఫియా అభిమానులకు ఇప్పటికీ పచ్చిపుండే. కాని ఆ జట్టు తప్పును దాచిపెట్టుకుని కూర్చోలేదు. మరుసటి ఏడాదే పైకి జరిగి డవాంటా స్మిత్‌ను, ఆ పై ఏడాది టెనెసీ నుంచి ఎ.జె. బ్రౌన్‌ను తెచ్చుకుంది. ఇంత చేస్తూ ముందు వరుసను మాత్రం ఎన్నడూ పస్తు పెట్టలేదు. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీని 40-22తో ఓడించినప్పుడు మహోమ్స్‌ను ఆరుసార్లు నేలకూల్చింది ఆ జట్టు రక్షణ శ్రేణే.

ఇంకొక మాట. మంచి రిసీవర్ తొలి విడతలోనే దొరుకుతాడన్న నియమం లేదు. లాస్ ఏంజెలెస్ రామ్స్ 2023లో ఐదో విడతలో, 177వ ఎంపికగా తీసుకున్న పుకా నకువా ఆ ఏడాదే 105 క్యాచులు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డులు తిరగరాశాడు. హిల్ కూడా ఐదో విడతవాడే. పరుగు వేగం చూసి మోసపోవడం మాత్రం ఈ స్థానంలో పాత జబ్బు: 2017లో 40 గజాలను 4.22 సెకన్లలో పరుగెత్తిన జాన్ రాస్‌ను సిన్సినాటి 9వ ఎంపికగా ఎత్తుకుంది, అతను అక్కడ ఎక్కువకాలం నిలవలేదు.

ప్రశ్న: పై ఉత్తరాల వంటివి మీకు చాలా వచ్చి ఉంటాయి గాని, మా అల్లుడిది వేరే కథ. నాష్‌విల్‌లో ఉంటూ, టెనెసీ జట్టు కోసం ఎ.జె. బ్రౌన్ పేరున్న చొక్కా కొనుక్కున్నాడు. ఆ బ్రౌన్‌నే జట్టు అమ్మేసింది. ఇంతటి పని చేసినవాళ్లకు శిక్షంటూ ఉంటుందా? ఆ చొక్కా ఏం చేయాలి?
— మామగారు, గుణుపురం

జవాబు: శిక్ష పడింది, అదీ చాలా త్వరగా. 2022 డ్రాఫ్ట్ జరుగుతున్న రాత్రే జనరల్ మేనేజర్ జాన్ రాబిన్సన్ బ్రౌన్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చి, అలా వచ్చిన 18వ ఎంపికతో ట్రెలన్ బర్క్స్ అనే మరో రిసీవర్‌ను తీసుకున్నాడు. ఎక్కువ జీతం అడిగేవాడిని పంపి తక్కువ జీతానికి కుర్రవాడిని తెచ్చుకోవడం కాగితం మీద తెలివైన లెక్కే. ఆ ఏడాది బ్రౌన్ 1,496 గజాలు సాధిస్తే బర్క్స్ 444 దగ్గర ఆగిపోయాడు. డిసెంబరు 4న రెండు జట్లూ తలపడ్డాయి. బ్రౌన్ రెండు టచ్‌డౌన్లు చేశాడు, ఫిలడెల్ఫియా 35-10తో గెలిచింది, మరి రెండు రోజులకు రాబిన్సన్ ఉద్యోగం పోయింది. టెనెసీ ఆ సీజను చివరి ఏడు మ్యాచులూ ఓడిపోయింది.

చొక్కా పారేయవద్దని చెప్పండి. బ్రౌన్ టెనెసీలో వేసుకున్నదీ 11వ నంబరే, ఫిలడెల్ఫియాలో వేసుకున్నదీ 11వ నంబరే.