సంతలో అమ్మే రామచిలకని కొని పెంచుకోవచ్చా?

ఎనిమిదేళ్ల పాప చిలక కావాలని పట్టుబట్టింది, సంతలో పిల్ల చిలకలు అమ్ముతున్నారు, చాలా ఇళ్లలో కనిపిస్తూనే ఉంటాయి కదా, కొనొచ్చా అని ఒకరు అడిగారు. కొనకండి. చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, పంజరంలో చిలక ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి వద్దనే చెప్తాను.

రామచిలక మన దేశపు అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రామచిలక ఇప్పుడు రెండో షెడ్యూల్లో, అంటే చట్టం కాపాడే జీవుల జాబితాల్లో రెండోదాంట్లో ఉంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘నేను పట్టలేదు, డబ్బిచ్చి కొన్నాను’ అంటే కుదరదు. చిలక జోస్యం చెప్పేవాళ్ల దగ్గర ఉండే చిలకకీ ఇదే చట్టం.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా మావయ్య ఒక పిల్ల చిలకని తెచ్చాడు. ఈకలు కూడా సరిగ్గా రాలేదు, మెడ దగ్గర గులాబి రంగు చర్మం కనిపించేది. చెట్టు తొర్రలో చెయ్యిపెట్టి పిల్లల్ని లాగేసి బుట్టలో కుక్కి తెస్తారని, సంతకి చేరేలోపే కొన్ని చచ్చిపోతాయని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. మేం ముద్దుగా పాలన్నం పెట్టేవాళ్లం. పక్షులకి పాలు అరగవని ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తెరతో కత్తిరించేవాళ్లం. మూడో ఏడు మెడచుట్టూ నలుపు, గులాబి పట్టీ వచ్చాక అది మగదని తెలిసింది.

‘అమ్మా, ఎవరో వచ్చారు’ అనేది. వచ్చినవాళ్లు మురిసిపోయేవాళ్లు. కానీ రోజూ సాయంత్రం చిలకల గుంపు అరుచుకుంటూ మా డాబా మీదుగా వెళ్లేది. ఆ టైముకి ఇది మన మాటలు మానేసి, పంజరం పైకప్పుకి వేలాడుతూ వాటి కూతే కూసేది. గుంపు వెళ్లిపోయాక చాలాసేపు ఒకే ఊచని కొరుకుతూ ఉండేది. ఆ ఊచకి రంగంతా పోయి తుప్పు పట్టింది. చివరి రెండేళ్లు తన ఈకలు తనే పీక్కుంది, ఛాతీ అంతా బోడి అయిపోయింది.

నాన్న చూడలేక ఒక ఆదివారం పొద్దున పంజరం తలుపు తీసేశారు. అది పిట్టగోడ మీద కాసేపు కూర్చుంది. ఎగరబోయి జామచెట్టు కింద పడింది. మేం మెట్లు దిగి వెళ్లేసరికి కాకులు చుట్టుముట్టేశాయి. ఆ రోజు మా ఇంట్లో ఎవ్వరం అన్నం తినలేదు.

అందుకని, ఇది చదువుతున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఇప్పటికే చిలక ఉంటే, దయచేసి అలా తలుపు తీసి వదిలేయకండి. ఏళ్ల తరబడి ఎగరని పక్షికి రెక్కల్లో బలం ఉండదు, తిండి వెతుక్కోవడమూ రాదు. దగ్గర్లోని అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేసి అప్పగించండి. ఒంటరిగా వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంటే మీ ఊళ్లో జంతువుల్ని కాపాడే సంస్థ వాళ్లని వెంట తీసుకెళ్లండి.

పక్షిని పెంచుకునే తీరాలనుకుంటే బడ్జీలు, కాక్‌టీల్స్ లాంటి విదేశీ రకాలకి ఈ నిషేధం లేదు. ఒక్కదాన్ని కాకుండా జంటగా, రెక్కలు విప్పి ఎగిరేంత చోటులో ఉంచండి. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి విదేశీ చిలకలైతే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. అది లేకుండా కొంటే మళ్లీ చిక్కే.

పాపకి మాత్రం ముందు ఒక వరి కంకుల కుచ్చు కట్టి చూపించండి, పక్కన మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. మొదట పిచ్చుకలొస్తాయి. మేం ఇప్పుడు పై కొమ్మల జామకాయలు కోయడం మానేశాం. పొద్దున ఆరున్నరకి ఏడెనిమిది చిలకలు వచ్చి, కాయని కాలితో పట్టుకుని సగం తిని పడేస్తాయి. మా అబ్బాయి బడికి రెడీ అవకుండా కిటికీ దగ్గరే నిలబడి ఆ ముక్కలు లెక్కపెడుతుంటాడు.