హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్‌లో తెలుగు మాధ్యమం విద్యార్థి ఇమడగలడా?

తెలుగు మాధ్యమంలో డిగ్రీ పూర్తిచేసి గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ సీటు తెచ్చుకున్న మీరు, దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో హాస్టల్‌లో కలవగలనా, లేక మనవాళ్ల గుంపులోనే ఉండిపోతానా అని అడిగారు. అదే నేపథ్యం నుంచి వెళ్లి అక్కడ ఎంఏ చేసినవాడిగా చెబుతున్నాను: కలవగలరు, కానీ దానికి దారి తరగతి గదిలో కంటే మెస్‌లోనే త్వరగా దొరుకుతుంది.

తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తరువాత కేంద్రం ప్రకటించిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లయిన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. తరువాత సుమారు 2,300 ఎకరాల ప్రాంగణానికి, అప్పట్లో ఊరికి దూరమైన గచ్చిబౌలికి మారింది. అంత విశాలమైన చోట హాస్టల్ నుంచి తరగతికి, అక్కడి నుంచి గ్రంథాలయానికి నడిచి తిరగడం కష్టం కనుక, చదువు ముగించుకుని వెళ్లిపోయే సీనియర్ల దగ్గర పాత సైకిలు కొనుక్కోండి.

ఇక మెస్ సంగతి. నేను ఉన్న రోజుల్లో మా హాస్టల్‌లో నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవారి మధ్య పంచే డివైడింగ్ పద్ధతి ఉండేది. వంట సిబ్బంది వేరుగా ఉన్నా, సరుకులు, మెనూ, లెక్కలు చూసే మెస్ సెక్రటరీలు మాత్రం విద్యార్థులే. తెల్లవారుజామున కూరగాయల బండి వచ్చే వేళకు త్రాసు దగ్గర నిలబడి, వంకాయల్లో పుచ్చులు ఏరించి, వంట మాస్టరు చెప్పిన లెక్క ప్రకారం బియ్యం, కందిపప్పు, నూనె కొలిపించి, రిజిస్టరులో సంతకం పెట్టి, ఆ తరువాత తరగతికి పరుగెత్తాలి. కేరళ విద్యార్థులు ఉప్పుడు బియ్యం అన్నం కావాలంటారు, ఉత్తరాదివారు రాత్రిపూట చపాతీ పలుచగా ఉండాలంటారు, మనవాళ్లకు పప్పులో కారం చాలదు, వీరందరికీ కలిపి చికెన్ రోజు పెంచితే నెలాఖరున రోజువారీ రేటు ఎందుకు పెరిగిందని జీబీఎంలో, అంటే హాస్టల్ విద్యార్థులంతా కూర్చునే జనరల్ బాడీ మీటింగ్‌లో, అందరూ నిలదీస్తారు. నేను ఇంగ్లిష్‌లో పదిమంది ముందు తడబడుతూనే అయినా ఆపకుండా మాట్లాడిన మొదటి సందర్భం సెమినార్ కాదు, పామాయిల్ ధర మీద జీబీఎంలో ఇచ్చిన సంజాయిషీ. వాదించినవారే మరునాడు ఎదురుగా కూర్చుని మజ్జిగ పోయించుకునేవారు. నా స్నేహాల్లో చాలావరకు అలా మొదలైనవే.

గది విషయంలో ఒక్క మాట. చేరిన మొదటి వారాల్లో తెలుగువారు తెలుగువారితోనే గది మార్చుకోవడానికి దరఖాస్తులు పట్టుకుని వార్డెన్ దగ్గరకు వెళ్తుంటారు. మీ గదిలోకి ఒడిశా నుంచో మణిపుర్ నుంచో ఒకరు వస్తే దయచేసి ఆ పని చేయకండి, ఎందుకంటే రాత్రి దీపం ఎప్పుడు ఆర్పాలన్న బేరసారాల్లో వచ్చేంత భాష ఏ శిక్షణ తరగతిలోనూ రాదు. తెలుగు మాట్లాడేవారు మెస్‌లో, క్యాంటీన్‌లో, ప్రతి బ్లాకులో ఎలాగూ ఉంటారు, వారిని వెతుక్కోనక్కరలేదు.

ర్యాగింగ్ గురించి కూడా అడిగారు. నాకు అటువంటి అనుభవం ఎదురు కాలేదు. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ప్రవేశ సమయంలో విద్యార్థీ తల్లిదండ్రులూ ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం ఇవ్వాలి. దానిని శ్రద్ధగా చదివి సంతకం చేస్తే ఫిర్యాదు చేసే దారి కూడా తెలుస్తుంది. వార్షిక ఉత్సవం సుకూన్, విద్యార్థి సంఘం ఎన్నికల చర్చలు వాటంతట అవే మిమ్మల్ని లాక్కుంటాయి కాబట్టి వాటి గురించి వేరే సలహా అవసరం లేదు.

మీ హాస్టల్‌లోనూ ఇదే మెస్ పద్ధతి నడుస్తుంటే, రెండో సెమిస్టర్‌లో మెస్ సెక్రటరీగా పేరివ్వండి. అయితే సెలవులు పడే నెల మాత్రం ఒప్పుకోకండి: తినేవారు తగ్గినా గ్యాసు, కూలి ఖర్చులు అంతగా తగ్గవు కనుక రేటు పెరుగుతుంది, ఆ తిట్లన్నీ సెక్రటరీ ఖాతాలోనే జమ అవుతాయి.