పాచికల మీద నడిచే కంప్యూటర్ ఆటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఊహాలోకపు ఆటల నియమాల మీద తయారైన కంప్యూటర్ ఆటల గురించి గత సంచికలో రాశాను. అప్పటి నుంచి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఐదింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మీరు మెచ్చుకున్నారని 1998 నాటి ‘బాల్డర్స్ గేట్’ మొదలుపెట్టాను. నా మాంత్రికుడు మొదటి అరగంటలోనే తోడేలు చేతిలో మూడుసార్లు చనిపోయాడు. పైగా కవచం తొడిగితే రక్షణ సంఖ్య పెరగడానికి బదులు తగ్గుతోంది. ఇది ఆటలోని లోపమా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: లోపం ఆటలోనూ లేదు, మీలోనూ లేదు. తెర వెనక నడిచే లెక్క మీకు ఇంకా పరిచయం కాలేదు. ఈ ఆట, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ రెండవ కూర్పు నియమాలను అనుసరిస్తుంది. 1989లో వచ్చిన ఆ కూర్పులో ఆర్మర్ క్లాస్ అనే రక్షణ సంఖ్య ఎంత తగ్గితే అంత మేలు. ఒంటి మీద ఏ కవచమూ లేనివాడికి అది 10; ప్లేట్ మెయిల్ అనే ఇనుపరేకుల కవచం తొడిగిన వాడికి 3. కొట్టేవాడికి ‘థాకో’ అనే మరొక సంఖ్య ఉంటుంది. రక్షణ సంఖ్య సున్నాగా ఉన్న శత్రువుకు దెబ్బ తగలాలంటే ఇరవై ముఖాల పాచిక మీద కనీసం ఎంత పడాలో అది చెబుతుంది. మొదటి లెవెల్ యోధుడికి థాకో 20. ప్లేట్ మెయిల్ తొడిగిన శత్రువును అతడు కొట్టాలంటే 20లోంచి 3 తీసివేయగా మిగిలిన 17 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అంటే ఇరవై ముఖాల్లో నాలుగు మాత్రమే అతడివి. ఈ తీసివేత ఒక్కటి చేతికి వచ్చిందంటే, అంతవరకూ అదృష్టం అనుకున్నది లెక్కగా కనబడుతుంది. ఆటలోని ఐచ్ఛికాల్లో ఫీడ్‌బ్యాక్ అనే చోట పాచిక వివరాలు చూపించే సదుపాయం ఉంది. దాన్ని తప్పకుండా తెరిచి ఉంచండి. ప్రతి దెబ్బకూ ఎంత పడిందో, దానికి ఎంత కలిసిందో కింది పెట్టెలో వరుసగా కనిపిస్తుంది.

ఇక మీ మాంత్రికుడి సంగతి. ఆ నియమాల్లో మొదటి లెవెల్ మాంత్రికుడి ప్రాణబలానికి వేసేది నాలుగు ముఖాల పాచిక. దేహదారుఢ్యం బాగుంటే దానికి మరొకటో రెండో కలుస్తాయి. తోడేలు రెండుసార్లు కరిస్తే అతడు నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. అతడి మంత్రాలకూ పరిమితి ఉంది. ముందురోజు కంఠతా పట్టిన మంత్రాన్ని ఒకసారి ప్రయోగించగానే, అప్పజెప్పిన పద్యం మనసులోంచి చెరిగిపోయినట్టు అది పోతుంది. మళ్లీ నిద్రపోయి లేస్తే గానీ రాదు. అందువల్ల ఆ ఒక్క మంత్రం ఏదన్నది ప్రాణాంతకమైన ప్రశ్న అవుతుంది. నా సలహా నిద్రపుచ్చే మంత్రం: అది బలహీనులైన శత్రువులను గుంపుగా పడుకోబెడుతుంది. ఒంటరిగా తిరగవద్దు, మీ మాంత్రికుడితో కలిపి ఆరుగురి జట్టు కట్టే వీలుంది. దారిలో మొదటే కలిసే ఇమోయెన్‌ను తీసుకోండి, ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రంలో ఖాలిద్, జహీరా దంపతులను కలుపుకోండి, యోధులను ముందు నిలిపి మిగిలినవారి చేతికి విల్లో వడిసెలో ఇవ్వండి. తోడేలు కనిపించగానే స్పేస్ మీట నొక్కి ఆటను ఆపి, ఎవరేం చేయాలో చెప్పి, అప్పుడు కదలనివ్వండి.

నేను ఈ ఆటను నెల్లూరులో ఒక మిత్రుడి దగ్గర తెచ్చుకున్న ఐదు సీడీలతో, నియమాల పుస్తకం లేకుండా మొదలుపెట్టాను. పడిన సంఖ్యలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ, ఎందుకు గెలిచానో ఎందుకు ఓడానో నెలల తరబడి ఆరా తీశాను. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ జాతి ఆటల మీద నా ప్రేమంతా అక్కడే పుట్టింది: ఇవి తమ నియమాన్ని ఆటగాడి దగ్గర దాచవు.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అబ్బాయి కంప్యూటర్‌లో ‘బాల్డర్స్ గేట్ 3’ అనే ఆట ఆడుతున్నాడు. ప్రతి దానికీ తెర మీద పాచిక దొర్లుతోంది. ఇది జూదం కిందకి వస్తుందేమోనని మా వారూ నేనూ భయపడుతున్నాము. (ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: అమ్మా, పాచిక అనగానే శకుని గుర్తుకు రావడం మనకు సహజమే. అయితే ఈ ఆటలో పణం లేదు. ఒకసారి కొన్న తర్వాత లోపల డబ్బు పెట్టి కొనవలసింది గానీ, గెలిస్తే చేతికి వచ్చేది గానీ ఏమీ ఉండదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించినది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను. ఇది ఆ కోవలోనిది కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను ప్రచురించినప్పటి నుంచి ఈ సంప్రదాయంలో పాచికకు ఉన్న పని ఒక్కటే: కథలో ఫలితం ముందే తెలియని చోట దాన్ని తేల్చడం.

మీరు జాగ్రత్త పడవలసిన విషయం మరొకటి ఉంది. ఈ ఆట పెద్దల కోసం తయారైనది. ఐరోపా వయోవర్గీకరణలో దీనికి 18 గుర్తు ఇచ్చారు. ఇందులో క్రూరమైన హింస, శృంగార దృశ్యాలు ఉన్నాయి. నగ్నతను కనబడకుండా చేసే ఐచ్ఛికం ఉన్నా, పదిహేనేళ్ల పిల్లవాడికి నేను దీన్ని సూచించను. కోప్పడకుండా కారణం చెప్పి, పై జవాబులోని పాత ఆటను అతడికి ఇవ్వండి. దాని తీసివేతలు మీరూ పక్కన కూర్చుని చేయవచ్చు.

ప్రశ్న: అదే ‘బాల్డర్స్ గేట్ 3’లో సంభాషణ మధ్య పాచిక చెడ్డగా పడిన ప్రతిసారీ పాత సేవ్ తెరిచి మళ్లీ వేస్తున్నాను. ఇది తప్పా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, నెల్లూరు)

జవాబు: ఆట మీది, కాబట్టి తప్పు అనను. అయితే మీరు చాలా పోగొట్టుకుంటున్నారు. బెల్జియంకు చెందిన లారియన్ సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసిన ఈ ఆటలో రచయితలు ఓటమికి కూడా కథ రాశారు. అబద్ధం పట్టుబడిన తర్వాత జరిగే సన్నివేశాలు కొన్ని, అబద్ధం నెగ్గిన తర్వాతి వాటికంటే బాగుంటాయి. మళ్లీ వేయడానికి బదులు ముందుగానే లెక్క చూసుకోండి. లక్ష్యం 15, మీ నైపుణ్యం వల్ల కలిసేది 3 అనుకుందాము. పాచిక మీద 12 నుంచి 20 వరకు ఏది పడినా చాలు, అంటే నూటికి 45 వంతుల అవకాశం. ఈ ఆట అనుసరించే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఐదవ కూర్పు నియమాల్లోని ‘అడ్వాంటేజ్’ మీకు దొరికితే రెండు పాచికలు వేసి పెద్దదాన్ని తీసుకుంటారు. అప్పుడు అదే అవకాశం దాదాపు 70కి చేరుతుంది. దానికి తోడు ‘గైడెన్స్’ మంత్రం నాలుగు ముఖాల పాచికను కలుపుతుంది. ‘ఇన్‌స్పిరేషన్’ ఉంటే ఓడిన పాచికను నియమం ప్రకారమే మళ్లీ వేయవచ్చు. ఇన్ని ధర్మమైన మార్గాలు ఉన్నప్పుడు దొడ్డిదారి అక్కరలేదు. ‘కార్మిక్ డైస్’ అనే ఐచ్ఛికాన్ని కూడా ఆపివేయమని నా మనవి. వరుస ఓటములు రాకుండా అది పాచికను సర్దుతుంది. సర్దిన పాచికతో వచ్చిన గెలుపు నాకు రుచించదు.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ మీద ఏది ఆడవచ్చు? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ ఆడండి. 1999 నాటి ఈ ఆటకు 2017లో మెరుగుపరచిన కూర్పు వచ్చింది. యుద్ధం సాధారణమే, చావురాని, గతం గుర్తులేని కథానాయకుడి సంభాషణల్లోనే ఆట అంతా ఉంది. అతడికి వివేకం, మేధ ఎక్కువగా పెట్టండి.

ప్రశ్న: మేము నలుగురం మిత్రులం. కంప్యూటర్ లేకుండా ఈ ఆటను తెలుగులోనే ఆడుకోవాలని ఉంది. సాధ్యమేనా? (ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు)

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఐదవ కూర్పు మూల నియమావళిని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేశారు. కాబట్టి మూలాన్ని పేర్కొంటూ ఎవరైనా దాన్ని తెలుగు చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆరు లక్షణాలకు బలం, చురుకుదనం, దారుఢ్యం, మేధ, వివేకం, ఆకర్షణ అని పేర్లు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

కథాస్థలం కోసం దూరం వెళ్లనక్కరలేదు. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, దాదాపు ఏడాదిన్నర పోరాడి 1514లో గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి ప్రతిష్ఠించాడు. మీ ముగ్గురు మిత్రులు ముట్టడి చివరి రోజుల్లో చీకట్లో కొండెక్కే వేగులు కావచ్చు, లేదా ఆ విగ్రహం వెంట బయలుదేరిన కావలివారు కావచ్చు. మీరు కథకుడిగా కూర్చోండి. నున్నటి బండ ఎక్కడానికి లక్ష్యం 15 పెట్టండి, తాడు ఉందని ఎవరైనా గుర్తుచేస్తే రెండు పాచికలు వేయనివ్వండి.

మన బొమ్మల అంగళ్లలో ఇరవై ముఖాల పాచిక దొరకడం కష్టం. దానికి బెంగ పడకండి. 1979లో పాచికల సరఫరా చాలనప్పుడు ఈ ఆట ప్రచురణకర్తలే పెట్టెల్లో వాటికి బదులు అంకెలు వేసిన కాగితపు చీటీలు పెట్టి అమ్మారు. మీరూ ఇరవై చీటీలు రాసి ఒక చెంబులో వేసుకోండి. తీసిన చీటీని ప్రతిసారీ మడిచి మళ్లీ చెంబులో వేసి కలపాలి. అలా చేయకపోతే ఒకసారి వచ్చిన 20 మళ్లీ రాదు, ఇరవైలో ఒక వంతు అన్న లెక్క చెడిపోతుంది.