మాంగనీసు, మెగ్నీషియం ఒకటేనా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మొక్కజొన్న ఆకుల మీద పసుపు చారలు వస్తే ఎరువుల కొట్లో మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు. గరివిడి వైపు గనుల్లో తవ్వే మాంగనీసు ఇదేనా? పేర్లు ఇంత దగ్గరగా ఎందుకున్నాయి?

జవాబు: కాదండీ, రెండూ వేర్వేరు లోహాలు. పేర్ల పుట్టిల్లు మాత్రం ఒకటే: గ్రీసు దేశపు థెస్సలీలోని మెగ్నీషియా సీమ. ఆ పేరుతోనే పూర్వం తెల్లపొడిని ‘మెగ్నీషియా ఆల్బా’, నల్లరాయిని ‘మెగ్నీషియా నిగ్రా’ అన్నారు. లాటిన్‌లో ఆల్బా తెలుపు, నిగ్రా నలుపు. ఆ నల్లదే మన మాంగనీసు రాయి. ఇటలీలో అక్షరాలు తారుమారై ‘మాంగనీసే’ అయింది.

ఈ నల్లరాయితో గాజు పనివాళ్లకు పాత స్నేహం. ఇసుకలో ఉండే ఇనుము వల్ల గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. కరిగిన గాజులో ఈ పొడి చిటికెడు వేస్తే ఆ ఛాయ విరిగిపోతుంది. ఎక్కువైతే గాజు వంగపండు రంగుకు తిరుగుతుంది. ఆకుపచ్చ ఛాయను అలా పోగొడుతుంది కాబట్టే ఆ ఖనిజం పేరు పైరోలుసైట్, అంటే గ్రీకులో ‘నిప్పుతో కడిగేది’. ఎంత చక్కటి పేరు!

1774లో స్వీడన్‌లో గాన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ నల్లపొడిని బొగ్గుతో కాల్చి లోహం తీశాడు. 1808లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తెల్లదానిలోని లోహాన్ని, అంటే మెగ్నీషియాన్ని వేరుచేసి, తికమక రాకుండా ‘మాగ్నియం’ అన్నాడు. ఇంగ్లీషులో ఆ పేరు నిలవలేదు. రష్యన్‌లో మాత్రం నేటికీ మెగ్నీషియం ‘మాగ్నియ్’, మాంగనీసు ‘మార్గనెత్స్’.

మీ పక్క ఊరు కూడా శాస్త్రానికి ఒక పేరిచ్చింది. కోడూరు గనుల దగ్గరి మాంగనీసు శిలకు భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ ‘కొడురైట్’ అని పేరు పెట్టాడు.

ఇక పొలం సంగతి. మెగ్నీషియం లోపం ముందు అడుగునున్న ముదురాకుల్లో కనిపిస్తుంది, ఎందుకంటే మొక్క దాన్ని అక్కణ్నుంచి లాగి చిగుళ్లకు పంపగలదు. మాంగనీసు అలా సులువుగా కదలదు, అందుకే లేతాకులు ముందు పసుపుబారతాయి. రెంటిలోనూ ఈనెలు పచ్చగానే ఉంటాయి కాబట్టి రంగు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఏ ఆకుకు మొదలైందో చూడండి.

సంచి మీద ఎం.జి. అంటే మెగ్నీషియం, ఎం.ఎన్. అంటే మాంగనీసు. మెగ్నీషియం సల్ఫేట్ తెల్లటి పలుకులు, లీటరు నీటికి 10 గ్రాములు. మాంగనీసు సల్ఫేట్ లేత గులాబీ రంగు, లీటరుకు 5 గ్రాములు దాటకూడదు. దాటితే ఆకు మాడుతుంది. ఏదైనా ఎండ తగ్గాకే పిచికారీ చేయండి.